జర్మనీ చేతివృత్తుల చాంబర్ సేవ: ఒక ఐటిఐ మాస్టారి రివ్యూ

మన దగ్గర పని నేర్చుకున్నవాడి అర్హతను తమ అర్హతతో పోల్చి గుర్తింపు ఇచ్చే జర్మనీ చేతివృత్తుల చాంబర్ సేవకు ఐదుకు నాలుగు మార్కులు వేస్తున్నాను. ఒకటి ఎందుకు తగ్గించానో తర్వాత రాస్తాను, ముందు ఆ నాలుగూ ఎందుకు వేశానో చెప్పాలి.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ఐటిఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పిల్లలకు పాఠం చెప్పి రిటైరయ్యాను. ఉండేది తిరుపతి కొర్లగుంటలో. ప్రాక్టికల్ పరీక్షల్లో ఎంతమంది పిల్లలకు మార్కులు వేశానో లెక్కలేదు. అన్నేళ్లలో ఒక్కరికి కూడా "నీకు ఈ పని వచ్చు, ఈ పని రాదు, ఇది నేర్చుకుంటే చాలు" అని కాగితం మీద రాసి ఇవ్వలేదు. మా ఫారాల్లో అందుకు గడే లేదు. పాసు, లేదంటే ఫెయిలు. మా మేనల్లుడికి జర్మనీ చాంబర్ నుంచి వచ్చిన ఉత్తరంలో ఆ గడి ఉంది. దాన్ని చదివిన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

వాడిది బంగారుపాళెం పక్కన పల్లె. 2015లో ఐటిఐలో చేరి 2017లో బయటికొచ్చాడు, ఆపైన ఒక ఏడాది అప్రెంటిస్ చేశాడు. తర్వాత తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు ఒక మోటారు వైండింగ్ షాపులో చేరాడు. మా వైపు బోర్లు వెయ్యి అడుగులకు దిగిపోయాయి. ఎండాకాలం వోల్టేజీ పడిపోయి సబ్‌మెర్సిబుల్ మోటార్లు కాలిపోతే రైతులు రాత్రి పదింటికి కూడా ట్రాక్టర్లో వేసుకుని వచ్చేవాళ్లు. తెల్లారేసరికి కాయిల్ కట్టి ఇవ్వాలి, లేకుంటే టమాటా తోట ఎండిపోతుంది. మామిడికాయల సీజన్‌లో మాత్రం వాడు షాపులో చెప్పి గుజ్జు ఫ్యాక్టరీకి మెయింటెనెన్స్ పనికి పోయేవాడు. గేటు బయట తోతాపురి లారీలు బారులు తీరి ఉంటాయి, లోపల ఒక మోటారు ఆగితే లైనంతా ఆగిపోతుంది. ఆ టెన్షన్‌లో పని నేర్చినవాడి చెయ్యి గట్టిదే అవుతుంది.

2023 మొదట్లో జర్మనీకి పంపిస్తామన్న ఒక కన్సల్టెన్సీ మాటలు నమ్మి ముప్పై వేలు అడ్వాన్స్ కట్టొచ్చాడు. "సర్టిఫికెట్ సంగతి మేం చూసుకుంటాం, నువ్వు నాలుగు లక్షలు రెడీ చేసుకో" అన్నారట. చూసుకోవడమంటే ఏం చేస్తారని నేను అడిగితే వాడి దగ్గర జవాబు లేదు. నేనే ఫోన్ చేసి అడిగితే వాళ్ల దగ్గరా లేదు. ఆ ముప్పై వేలు పోయినట్టే.

"మామా, నువ్వే ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు. సరేనని కూర్చున్నా.

అప్పటికే గుజ్జు ఫ్యాక్టరీలో వాడితో పనిచేసిన ఒక కుర్రాడు జర్మనీలో ఉన్నాడు. అతని యజమానిది పద్నాలుగు మంది పనిచేసే చిన్న ఎలక్ట్రికల్ సంస్థ, మనిషి కావాలన్నాడు. ఆయనే అసలు దారి చెప్పాడు: "మా ప్రాంతపు హాండ్‌వెర్క్స్‌కామర్‌కు నేరుగా దరఖాస్తు పెట్టుకోండి, ఇండియా నుంచే పెట్టొచ్చు." అంటే చేతివృత్తుల చాంబర్. ఆ పేరు మాకు నోరు తిరగక ఇంట్లో చాంబర్ అనే అనుకున్నాం. దేశం మొత్తానికి ఇట్లాంటివి 53 ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో ప్రాంతం. మీది ఏదన్నది మీరు పనిచేయబోయే ఊరు తేలుస్తుంది. ఎలక్ట్రీషియన్ అయితే ఇంకో చిక్కు ఉంది. ఫ్యాక్టరీ వైపు ఉద్యోగమైతే పరిశ్రమల చాంబర్ల దగ్గరికి పోవాలి, ఇళ్లు భవనాల వైరింగ్ పని అయితే చేతివృత్తుల చాంబర్ దగ్గరికి. ఈ తేడా తెలియక తప్పు చోటికి దరఖాస్తు పంపితే నెలలు పోతాయి.

మనవాడి పనికి ముద్ర వేయడానికి వీళ్లెవరు అన్న ప్రశ్న నన్ను పట్టుకుంది. పరీక్ష పెట్టేవాణ్ణి ఎవరు పరీక్షించారో తెలుసుకోవాలి కదా. చదువుతూ పోయాను.

పాతకాలంలో అక్కడ గిల్డులు ఉండేవి. ఎవరు పని నేర్చుకోవాలి, ఎవరు కొట్టు పెట్టాలి అన్నది వాళ్లే తేల్చేవాళ్లు, బయటివాణ్ణి రానిచ్చేవాళ్లు కాదు. మన దగ్గర కంసాలి కొడుకు కంసాలే, కుమ్మరి కొడుకు కుమ్మరే అన్నట్టు. 1869 నాటి వృత్తుల చట్టంతో ఆ తలుపులు తెరుచుకున్నాయి, ఎవరైనా ఏ పనైనా చేసుకోవచ్చన్నారు. మంచిదే. కానీ ఫ్యాక్టరీలు వచ్చిపడటంతో చిన్న పనివాళ్లు నిలవలేకపోయారు, పిల్లలకు పని నేర్పడమూ దెబ్బతింది. అప్పుడు 1897లో చట్టం చేసి ప్రాంతానికొక చాంబర్ పెట్టమన్నారు. 1900లో చాలావరకు అవి మొదలయ్యాయి. 1908 నుంచి మైస్టర్ పరీక్ష, అంటే ఆ వృత్తిలో గురువు స్థాయి పరీక్ష, పాసైనవాడే అప్రెంటిస్‌ను పెట్టుకోవాలన్నారు. హిట్లర్ కాలంలో వాటిలో ఎన్నికలు ఎత్తేశారు, యుద్ధం మధ్యలో చాంబర్లనే వేరే ఆర్థిక సంస్థల్లో కలిపేశారు. మైస్టర్ అయితేనే కొట్టు పెట్టాలన్న నిబంధన 1935లో వచ్చిందన్నదీ దాచకూడని విషయం. యుద్ధం తర్వాత అమెరికావాళ్ల చేతిలో ఉన్న భాగంలో ఆ నిబంధన తీసేశారు. చివరికి 1953 సెప్టెంబర్ 17న అప్పటి పశ్చిమ జర్మనీ అంతటికీ ఒకే చట్టం వచ్చింది. చాంబర్లు ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాయి.

ఆ తేదీ దగ్గర నేను ఆగిపోయాను. మన విశ్వకర్మ జయంతి కూడా మామూలుగా సెప్టెంబర్ 17నే వస్తుంది. పీఎం విశ్వకర్మ పథకం మొదలైంది 2023 సెప్టెంబర్ 17న, సరిగ్గా డెబ్బై ఏళ్లకు. అనుకోకుండా కలిసిందే. అయినా ఆ రోజు వర్క్‌షాపులో లేత్ మెషీన్లకు పసుపు కుంకుమ పెట్టి పూజ చేసిన మాలాంటి వాళ్లకు అది మనసులో నిలిచిపోయే విషయం.

మైస్టర్ అన్న మాట కూడా అంతే. మనం మేస్త్రీ అంటామే, ఆ మాట పోర్చుగీసువాళ్ల నుంచి మనకు వచ్చింది. మేస్త్రీ, మైస్టర్ రెండూ ఒకే లాటిన్ మాటకు పుట్టిన పిల్లలు. ఆ కుటుంబంలో జర్మనీ పిల్లవాడికి జరిగిన మర్యాద చూడండి: అక్కడి అర్హతల మెట్లలో బ్యాచిలర్ డిగ్రీ, మైస్టర్ రెండూ ఆరో మెట్టు మీదే ఉన్నాయి. మన మేస్త్రీ ఏ మెట్టు మీదున్నాడో నాకెవరూ చెప్పలేదు.

మైస్టర్ పరీక్షకు నాలుగు భాగాలు. చేత్తో చేసి చూపించేది ఒకటి, ఆ వృత్తి సిద్ధాంతం ఒకటి, లెక్కలూ వ్యాపారమూ చట్టమూ కలిపి ఒకటి. నాలుగోది పని నేర్పడం ఎలాగన్నది. ఈ నాలుగోదాని గురించి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. నా సర్వీసంతా చూసిన బాధే అది. చెయ్యి అద్భుతంగా తిరిగిన పనివాళ్లు, పక్కన నిలబడ్డ పిల్లవాడికి ఒక్క ముక్క విడమరిచి చెప్పలేరు. "చూసి నేర్చుకోరా" అంటారు. వాడు చూస్తాడు, స్పానర్ అందిస్తాడు, మూడేళ్లు టీ తెస్తాడు. అక్కడ నేర్పడమూ పనిలో ఒక భాగమేనని పరీక్ష పెట్టి అడుగుతున్నారు. ఏ పిల్లవాడు ఎవరి దగ్గర పని నేర్చుకుంటున్నాడో చాంబర్ రిజిస్టర్లో ఉంటుంది. ఎలక్ట్రీషియన్ పని నేర్చుకోవడానికి మూడున్నరేళ్లు. ఆ కాలంలో షాపులో దొరకని పనులను చాంబర్ శిక్షణ కేంద్రాలకు తీసుకెళ్లి నేర్పిస్తారు.

చాంబర్ సభలో మూడింట రెండు వంతుల మంది కొట్టు యజమానులు, ఒక వంతు వాళ్ల దగ్గర పనిచేసేవాళ్లు. పైన ప్రభుత్వ పర్యవేక్షణ ఉంటుంది, నడిపేది మాత్రం వీళ్లే. సభ్యత్వం తప్పనిసరి, చందా తప్పదు. అది కొందరికి నచ్చదట. నాకు అందులో అన్యాయం కనిపించలేదు.

2004లో మాత్రం వాళ్లు ఒక పెద్ద సడలింపు చేశారు. మైస్టర్ అర్హత తప్పనిసరిగా ఉన్న 94 వృత్తులను 41కి తగ్గించారు. టైల్స్ వేసేవాళ్లు కూడా ఆ నిబంధన నుంచి బయటపడ్డారు. కొత్త సంస్థలు విపరీతంగా పుట్టుకొచ్చాయి, పని నేర్చుకునే పిల్లలు తగ్గిపోయారు. 2020లో టైల్స్ పనితో సహా 12 వృత్తులకు నిబంధన మళ్లీ పెట్టారు. ఇది చదువుతున్నప్పుడు నా తలమీదే ఉంది దీనికి ఉదాహరణ. నిరుడు మా మిద్దె మీద వేయించిన కూల్ టైల్స్ రెండో వానకే లేచిపోయాయి. మేస్త్రీ సిమెంటు తప్పంటాడు, సిమెంటు ఇచ్చినాయన మేస్త్రీ తప్పంటాడు, ఇద్దరి మధ్యా తీర్పు చెప్పేవాళ్లు తిరుపతిలో నాకు దొరకలేదు. అక్కడైతే ఇట్లాంటి గొడవకు చాంబర్ మధ్యవర్తిగా కూర్చుంటుంది, పని చూసి చెప్పడానికి ప్రమాణం చేయించిన నిపుణుల జాబితా కూడా దాని దగ్గరే ఉంటుంది.

ఇక మా దరఖాస్తు.

అడిగినవి: పాస్‌పోర్టు, ఐటిఐ సర్టిఫికెట్, మార్కుల జాబితాలు, పని అనుభవం కాగితాలు, ఏం చదివాడో చెప్పే సిలబస్. మార్కుల జాబితాలో ట్రేడ్ థియరీ, ట్రేడ్ ప్రాక్టికల్, ఇంజినీరింగ్ డ్రాయింగ్ అని ఉంటుంది అంతే. ప్రాక్టికల్‌లో ఏం చేశాడన్నది వాళ్లకు కావాలి. నా పాత ట్రంకుపెట్టెలో ఆ ఏళ్ల సిలబస్ దొరికింది. వాడి ప్రాక్టికల్ రికార్డు మా అక్క దాచిపెట్టింది. స్టెయిర్‌కేస్ వైరింగ్, గోడౌన్ వైరింగ్, స్టార్-డెల్టా స్టార్టర్, గ్రోలర్ టెస్టు, అన్నీ పెన్సిల్ బొమ్మలతో సహా ఉన్నాయి. పక్కన ఎర్ర ఇంకుతో నా సంతకాలు. వారం రోజులు కూర్చుని ఏ పనికి ఎన్ని గంటలో పట్టిక వేశాం.

అసలు కష్టం అనుభవం కాగితంతో వచ్చింది. వైండింగ్ షాపు ఆయన చాలా మంచివాడు. లెటర్ ఇవ్వమంటే తెల్లకాగితం మీద ఇట్లా రాసిచ్చాడు: "ఈ అబ్బాయి నెమ్మదస్తుడు, నమ్మకస్తుడు, చెడు అలవాట్లు లేవు." అది కన్నతండ్రి రాసినట్టుంది. దాన్ని వాళ్లకు పంపి లాభం లేదు. ఒక సాయంత్రం షాపు కట్టేసే వేళ పోయి కూర్చున్నాను. "పిల్లవాడి గుణం కాదప్పా, పని చెప్పు" అన్నాను. ఎన్ని హార్స్‌పవర్ దాకా మోటార్లు కట్టాడు, సింగిల్ ఫేజా త్రీ ఫేజా, మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) టెస్టు తనే చేసేవాడా, ప్యానెల్ బోర్డు తనే కట్టేవాడా, రైతు పొలానికి పోయి బిగించేవాడా. ఆయన తలగోక్కుంటూ ఒక్కొక్కటే చెప్పాడు, నేను రాసుకున్నాను. రెండు పేజీలైంది. చదివి వినిపిస్తే ఆయనే ఆశ్చర్యపోయాడు, "ఇంత పని నేర్పించినానా సార్ నేను?" అని.

అవన్నీ జర్మన్‌లోకి మార్పించడానికి ఫీజు కంటే ఎక్కువైంది. చాంబర్ ఫీజులు 100 నుంచి 600 యూరోల దాకా ఉంటాయి, మాకు 380 పడింది.

ఉత్తరం వచ్చిన రోజు వాడు ఫోన్లోనే ఏడుపు గొంతుతో, "మామా, పూర్తిగా ఇవ్వలేదు, సగమే అన్నారు" అన్నాడు. నేను పీడీఎఫ్ ప్రింటు తీయించి, జర్మన్ నేర్పే అమ్మాయి దగ్గర కూర్చుని మాటమాటకూ అర్థం అడిగాను. ముందు వాడికి వచ్చినవి రాశారు: మోటార్లు, వైండింగ్, కంట్రోల్ సర్క్యూట్లు, మామూలు ఇంటి వైరింగ్, లోపాలు వెతకడం. పని అనుభవం వల్ల తీరిన లోటు ఏదో కూడా రాశారు. వైండింగ్ షాపు పేరుతో సహా! తర్వాత రానివి రాశారు: భవనాల ఆటోమేషన్, డేటా కేబుళ్లు, వాళ్ల ప్రమాణాల ప్రకారం టెస్టు చేసి రిపోర్టు రాయడం. "ఇది ఫెయిలు కాదురా, ఇది సిలబస్. ఏం చదవాలో నీ ఒక్కడి కోసం రాసిచ్చారు" అని చెప్పాను. నా సర్వీసులో నేను రాయలేకపోయిన కాగితం అదే.

ఆ లోటు పూడ్చుకోవడానికి వెళ్లేవాళ్లకు వీసా ఇస్తారు. వాడు చెన్నై గోథే ఇన్‌స్టిట్యూట్‌లో జర్మన్ భాష రెండో మెట్టు, ఏ2 పరీక్ష పాసయ్యాడు, 2024లో వెళ్లాడు. పగలు ఆ సంస్థలో పని, మధ్యమధ్య వారాల తరబడి చాంబర్ కేంద్రంలో శిక్షణ.

మొదటి వారం వాడు చేసిన ఫోన్ చెప్పాలి. అక్కడా ఇక్కడా 230 వోల్టులే, 50 హెర్ట్జే. కరెంటు ఒకటే, రంగులే వేరు. మనకు ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్. అక్కడ నీలం న్యూట్రల్, నలుపేమో ఫేజు. "మామా, పదేళ్లుగా నీలం వైరు చూస్తే జాగ్రత్తపడేది, నలుపు అయితే ధైర్యంగా పట్టుకునేది అలవాటైపోయింది. చెయ్యి దానంతటది పోతోంది" అన్నాడు. నాకు వెన్ను జలదరించింది. శిక్షణ ఇచ్చేవాళ్లకు ఈ సంగతి ముందే తెలుసు. బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లకు మొదటి పాఠం అదేనట, ఏ రంగయినా సరే టెస్టరు పెట్టి చూడకుండా ముట్టుకోవద్దని. ఈ ఒక్కదానికే ఒక మార్కు ఇవ్వొచ్చు.

2025లో మళ్లీ దరఖాస్తు పెడితే పూర్తి సమానత్వం అని రాసి ఇచ్చారు. అక్కడి పిల్లలకు ఇచ్చే సర్టిఫికెట్టే ఇవ్వరు, కానీ హక్కులన్నీ సమానం. మైస్టర్ పరీక్షకూ పోవచ్చు.

ఇప్పుడు తగ్గించిన మార్కు. మూడు నెలల్లో తేలుస్తామంటారు, నిజమే. కానీ ఆ మూడు నెలలు లెక్కపెట్టేది చివరి కాగితం చేరినప్పటి నుంచి. మా సిలబస్‌లో రెండు పేజీల అనువాదం సరిగా లేదని వెనక్కి పంపారు, అది తెలిసేసరికే ఏడు వారాలైంది. ఉత్తరాలన్నీ జర్మన్‌లోనే, అదీ ఆఫీసు జర్మన్. ఏ2 చదువుతున్న పిల్లవాడికి ఆ వాక్యాలు కొరుకుడు పడవు. సగం గుర్తింపు అన్న మాట చూసి వాడు ఆ రోజు అన్నం తినలేదు. పైన నాలుగు వరుసలు ఇంగ్లీషులో "భయపడొద్దు, తర్వాత చేయాల్సింది ఇది" అని రాస్తే ఏం పోతుంది?

ఇంకొకటి, ఇది చాంబర్ తప్పు కాదు. ఈ దారి ఏదో ఒక ప్రభుత్వ సర్టిఫికెట్ ఉన్నవాడికే. ఏర్పేడు దగ్గర మాధవమాలలో కొయ్య చెక్కే కుటుంబాలున్నాయి, శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లున్నారు. చాలామంది చేతిలో కాగితం లేదు, ఉన్నది చెయ్యే. 2025 నుంచి జర్మనీలో సర్టిఫికెట్ లేని పాతిక దాటినవాళ్ల పనిని కూడా చాంబర్లే చూసి విలువ కట్టే పద్ధతి మొదలైంది. నేర్చుకునే కాలానికి ఒకటిన్నర రెట్లు అనుభవం ఉండాలి. కానీ అది ముఖ్యంగా అక్కడ ఉంటున్నవాళ్లకే. మన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులకు గుర్తింపు కార్డు, ఐదు నుంచి ఏడు రోజుల శిక్షణ, రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 ఇస్తున్నారు. మన గుడి వీధుల్లో పూలు కట్టేవాళ్లు కూడా ఆ జాబితాలో ఉన్నారు, చాలా సంతోషం. ఎలక్ట్రీషియన్ మాత్రం లేడు. ఆ కార్డు మీద నీకు ఏం వచ్చు, ఏం రాదు అని రాసే గడి ఒకటి చేరిస్తే బాగుంటుంది. అది రాయడానికి నాలాంటి రిటైరైన మాస్టర్లు ఊరికి పదిమంది దొరుకుతారు, జీతం అడగరు.

ఎవరైనా దరఖాస్తు పెట్టాలనుకుంటే నేను చెప్పేది ఒక్కటే. ముందు అనుభవం కాగితం సంపాదించండి, గుణగణాలు కాదు, చేసిన పనులు రాయించుకోండి. వైండింగ్ షాపు ఆయన చాంబర్ ఉత్తరంలో తన షాపు పేరున్న పేజీని జిరాక్స్ అడిగి తీసుకున్నాడు. పోయిన నెల ఫ్యాన్ రిపేరుకని వెళితే కొత్త లాంగ్ నోటుబుక్కు ఒకటి కౌంటర్ మీద ఉంది. పనిచేసే ముగ్గురు పిల్లలకూ తలా పది పేజీలు కేటాయించాడు. తేదీ, మోటారు హార్స్‌పవర్, ఎవరు విప్పారు, ఎవరు కట్టారు, మెగ్గర్ ఎంత చూపించింది. చివరి గడిలో తన సంతకం.